తాతగారి యుద్ధకాలం ఉత్తరాలు: ఎలా విప్పాలి, ఎలా చదవాలి, ఎక్కడినుంచి రాశారో ఎలా తేల్చాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మా తాతగారు (అమ్మ వాళ్ల నాన్నగారు) రెండో ప్రపంచయుద్ధంలో సైన్యపు ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేశారు. ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలు ట్రంకుపెట్టెలో గుడ్డసంచిలో దొరికాయి. నలభై పైచిలుకు ఉంటాయి, 1942 నుంచి 1945 దాకా. పరిస్థితి ఇదీ:

చాలావాటి మీద పంపినవారి చిరునామా "12 ఫీల్డ్ కంపెనీ, క్యూ.వి.ఓ. మద్రాస్ ఎస్. అండ్ ఎం., ఎం.ఇ.ఎఫ్." అని ఉంది. తర్వాతి వాటిలో చివరి మూడక్షరాలు "సి.ఎం.ఎఫ్." అని మారాయి. ఎక్కడా ఊరిపేరు లేదు.

సగం ఉత్తరాలు నాలుగైదు మడతలు పెట్టి ఉన్నాయి, విప్పబోతే మడత దగ్గర చిట్లుతున్నాయి. కొన్ని సిరాతో, కొన్ని పెన్సిల్‌తో రాసినవి. ఆ పెన్సిల్ రాత బూడిదరంగులో ఉండి అక్కడక్కడ ఊదారంగుకి తిరిగింది. రెండు ఉత్తరాల్లో వాక్యం మధ్యలో నలుచదరంగా చిల్లులున్నాయి. ఒక ఆకుపచ్చ కవరు మీద ఇంగ్లీషులో ఏదో అచ్చువేసి, కింద తాతగారి సంతకం ఉంది. ఒకటేమో అరచేయంత ఫొటో కాగితం, అందులో అక్షరాలు చీమతలకాయల్లా ఉన్నాయి.

ఇంటినుంచి ఆయనకు వెళ్లిన ఉత్తరాలు కూడా ఐదారు ఉన్నాయి. వాటి మీద ఇంగ్లీషు తేదీ లేదు, "తారణ నామ సం॥ జ్యేష్ఠ శు॥ 5" అలా ఉంది.

రెండు ఉత్తరాలు మావయ్య ఇప్పటికే లామినేషన్ చేయించారు. మిగతావీ చేయిద్దామంటున్నారు. నేను ఆగమన్నాను. సరైన పద్ధతి చెప్పగలరు.

పాతకాగితం:

ఆపి మంచిపని చేశారు. లామినేషన్‌లో వేడికి ప్లాస్టిక్ జిగురు కాగితం పీచులోకి దిగిపోతుంది. కాగితంలో ఉన్న ఆమ్లం బయటికి పోయే దారి ఉండదు, లోపలే పండి కాగితం గోధుమరంగుకి తిరుగుతుంది. చేసేసిన ఆ రెండిటినీ ఇంట్లో ఊడదీయాలని చూడకండి. స్కాన్ తీసి పక్కన పెట్టండి. ఊడదీయడం ద్రావకాలతో చేసే పని, అది కూడా సిరా ఏదో తెలిశాకే. సెల్లోటేపు, ఫెవికాల్ కూడా దగ్గరికి రానివ్వద్దు.

ముందు చెయ్యాల్సింది విప్పడం కాదు, వేరుచెయ్యడం. మూడు కుప్పలు పెట్టండి: సిరావి, పెన్సిల్‌వి, ఆ ఫొటో కాగితం. ఏ ఉత్తరం ఏ కవరులో ఉందో, సంచిలో ఏ వరసలో ఉందో మెత్తటి పెన్సిల్‌తో వేరే కాగితం మీద రాసుకోండి. కవరుని ఉత్తరం నుంచి విడదీస్తే ఆ లింకు మళ్లీ దొరకదు. గుండుసూదులు, క్లిప్పులు ఉంటే ఇప్పుడే తియ్యండి. తుప్పుపట్టి అంటుకున్న సూదిని లాగొద్దు. సూదికీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, సూదిని పైకి లేపి తియ్యాలి.

ఊదారంగు పెన్సిల్ సంగతి జాగ్రత్త. అది కాపీయింగ్ పెన్సిల్. గ్రాఫైట్‌లో ఎనిలిన్ రంగు కలిపి చేసేవారు. పొడిగా ఉన్నంతసేపు బూడిదరంగు, తడి తగిలితే ఊదా. సిరాబుడ్డి మోసుకు తిరగలేని చోట సిపాయిలకు అదే కలం. కొన్ని పదాల మొదటి అక్షరం ముదురు ఊదాగా ఉండి పోనుపోను బూడిదరంగుకి వస్తోందేమో చూడండి. రాసేముందు మొనని నాలుకతో తడిపిన గుర్తది. ఈ ఉత్తరాలకు తేమ పెట్టకూడదు. ఒక్క చుక్క పడినా పేజీ అంతా ఊదామరక అవుతుంది.

సిరావాటికి మాత్రం తేమ పెట్టి విప్పవచ్చు. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున రెండు మూడు అద్దుడు కాగితాలు తడిపి, నీరు కారకుండా పిండి పరవండి. వాటిమీద ఏదైనా జాలీ బోర్లించి, ఉత్తరం జాలీ మీద పెట్టండి. తడి కాగితానికి ఉత్తరం తగలకూడదు. మూత లోపలివైపు కూడా ఒక పొడి అద్దుడు కాగితం అతికించండి, లేకపోతే ఆవిరి చుక్కలై ఉత్తరం మీద పడుతుంది. చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. అరగంటకోసారి మూత తీసి మడత అంచుని వేలితో తాకి చూడండి. గుడ్డలా వంగుతుంటే చాలు. మామూలుగా రెండు మూడు గంటల్లో అవుతుంది. నాలుగు గంటలు దాటనివ్వద్దు. అప్పటి నీలి-నలుపు సిరాలో ఇనుము ఉంటుంది. తేమ ఎక్కువసేపు ఉంటే ఆ ఇనుము అక్షరం నుంచి పక్కకు పాకి, అక్షరం చుట్టూ గోధుమరంగు వలయం వస్తుంది.

బయటికి తీశాక మొండి అంచున్న ప్లాస్టిక్ బద్దతో ఒక్కో మడతా విప్పి, పొడి అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన చదునైన చెక్క, దానిమీద రెండు లావుపాటి పుస్తకాలు ఉంచండి. అరగంటకి అద్దుడు కాగితాలు మార్చండి. తర్వాత ఒక రోజంతా కదపొద్దు. ఇస్త్రీపెట్టె వద్దు.

మరి పెన్సిల్ ఉత్తరాలు? మీది గోదావరి వైపు కాబట్టి వానాకాలంలో గాలిలో ఉన్న తేమే సరిపోతుంది. ముసురు పట్టిన రోజున ఫ్యాను తీసేసిన గదిలో, అద్దుడు కాగితం మీద ఉత్తరాన్ని వదులుగా ఒక పూట ఉంచండి. మడత దానంతటదే మెత్తబడుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మాత్రం ఏ ఉత్తరమూ విప్పకండి, కాగితం అప్పడంలా విరుగుతుంది.

ఫొటో కాగితాన్ని డబ్బాలో పెట్టొద్దు. దానిమీద జెలటిన్ పొర ఉంటుంది, తేమకి జిగురై దేనికి తగిలితే దానికి అంటుకుంటుంది.

దాచడానికి: ఒక్కో ఉత్తరం విప్పినది విప్పినట్టే ఆమ్లం లేని కాగితం మడతలో, అలాంటివి పదేసి ఒక ఫోల్డరులో. రెండువైపులా చూడాల్సినవి పాలియెస్టర్ కవర్లలో. స్టేషనరీ షాపులో దొరికే పి.వి.సి. కవర్లు వద్దు, అవి కొన్నేళ్లకి జిడ్డుదేలి అక్షరాలను ఊడబెరుకుతాయి. పొడిపొడిగా ఉన్న పెన్సిల్ రాతను పాలియెస్టర్‌లో కూడా పెట్టొద్దు. ఆ ప్లాస్టిక్‌కి ఉండే స్థిరవిద్యుత్తు పెన్సిల్ పొడిని లాగేస్తుంది. వాటికి కాగితం మడతే మేలు. బీరువాలో బయటి గోడకి ఆనుకోని అర, మధ్య అర ఎంచుకోండి.

కలరా ఉండలు వెయ్యకండి. వేపాకు కూడా వద్దు, ఆకులోని తేమ కాగితానికి మరక వేస్తుంది.

గోదారిగట్టు:

చాలా ధన్యవాదాలండీ. రెండు కవర్లలో సన్నటి వెండిరంగు పురుగులు కనిపించాయి. కలరా ఉండలు వద్దంటే వాటికేం చెయ్యాలి?

పాతకాగితం:

ఆ కవర్లను జిప్ ఉన్న పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, ఇంకో సంచిలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. మామూలు ఫ్రిజ్ పైఅర తలుపు మాటిమాటికీ తెరుస్తారు కాబట్టి నమ్మకం లేదు. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు వదిలెయ్యండి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద గదిగాలి నీరుగా మారుతుంది. అది కాపీయింగ్ పెన్సిల్ ఉత్తరమైతే సంగతి ఊహించుకోండి. ఫొటో కాగితాన్ని ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

ముద్రలపిచ్చి:

ఉత్తరంలో ఊరిపేరు వెతకడం దండగ. యూనిట్ ఎక్కడుందో, ఎటు కదులుతోందో, ఎంతమందో రాయకూడదని నియమం. ఆ సమాచారం అంతా కవరు మీద ఉంటుంది, అందుకే కవరు లేని యుద్ధకాలం ఉత్తరం నాకు సగం ఉత్తరమే.

ముందు మూడక్షరాలు. ఎం.ఇ.ఎఫ్. అంటే మిడిల్ ఈస్ట్ ఫోర్సెస్: ఈజిప్టు, లిబియా, పాలస్తీనా ఇవన్నీ. సి.ఎం.ఎఫ్. అంటే సెంట్రల్ మెడిటరేనియన్ ఫోర్స్, ముఖ్యంగా ఇటలీ. ఇరాక్, పర్షియా వైపు ఉన్నవాళ్లకి పాయ్‌ఫోర్స్ అని ఉంటుంది. బర్మా వైపు వాళ్లకి ఎస్.ఇ.ఎ.సి. (సౌత్ ఈస్ట్ ఏషియా కమాండ్) అని ఉంటే అది 1943 చివరి తర్వాతిది, ఎందుకంటే ఆ కమాండే అప్పుడు పుట్టింది. కాబట్టి మీ తాతగారి ఉత్తరాల్లో తేదీ చెరిగిపోయినా అక్షరాలు మారినచోట ఒక గీత గీయవచ్చు: ఇటలీ అక్కడ మొదలైంది.

"క్యూ.వి.ఓ. మద్రాస్ ఎస్. అండ్ ఎం." అంటే క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్. ఇక 12 ఫీల్డ్ కంపెనీ. ఇది 4వ ఇండియన్ డివిజన్‌లోని సాపర్ కంపెనీ. డివిజన్ ఎటు పోతే అటే కాబట్టి మీ పని సులువైంది. 1942 సెప్టెంబరు నుంచి ఎల్ అలమీన్ దగ్గర రువైసాత్ గట్టు మీద. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో వాదీ అకరిత్. మే నెలలో ఆఫ్రికాలో జర్మన్, ఇటాలియన్ సైన్యాలు లొంగిపోయాయి. అక్కడినుంచి కొన్ని నెలలు యుద్ధానికి దూరంగా మధ్యప్రాచ్యంలో. 1943 డిసెంబరులో ఇటలీ. 1944 ఫిబ్రవరి, మార్చి నెలలు కసీనో. తర్వాత ఏడ్రియాటిక్ వైపు, ఆగస్టు సెప్టెంబరుల్లో గోథిక్ లైన్ (ఇటలీలో జర్మన్ల రక్షణ రేఖ). 1944 చివర గ్రీసు. గ్రీసు వెళ్లాక కూడా చిరునామా సి.ఎం.ఎఫ్. అనే ఉంటుంది, అక్కడ మోసపోకండి.

ఈ పట్టికకి ఎదురుగా మీ ఉత్తరాల తేదీలు రాసుకోండి. 1944 ఫిబ్రవరి, మార్చిలలో ఉత్తరాలు లేకపోతే పోయాయని అనుకోవద్దు. కసీనో కొండల్లో దారులు వెయ్యడం, మందుపాతరలు తియ్యడం సాపర్ల పని, అదీ గుళ్లవానలో, మంచులో. అదే డివిజన్‌లో 11 ఫీల్డ్ పార్క్ కంపెనీకి చెందిన సుబేదారు సుబ్రమణ్యన్ 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర పేలబోతున్న మందుపాతర మీద పడి తోటివాళ్లను కాపాడి ప్రాణం విడిచారు. మరణానంతరం ఆయనకు జార్జ్ క్రాస్ (బ్రిటిష్ సాహస పురస్కారం) ఇచ్చారు. అదీ మద్రాస్ సాపర్స్ కంపెనీయే. ఆ నెలల ఉత్తరాల్లో తోటివాళ్ల ప్రస్తావన ఉంటే జాగ్రత్తగా చదవండి.

పోస్టుముద్ర: గుండ్రటి ముద్రలో "ఫీల్డ్ పోస్టాఫీస్", ఒక నంబరు, తేదీ ఉంటాయి. ఆ నంబరు ఊరుకి కాదు, ఆ పోస్టాఫీసుకి. పోస్టాఫీసు దళంతో పాటే లారీలో కదిలేది. అందుకే నంబరు ఒక్కటే చూసి ఫలానా ఊరని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. నంబరు, తేదీ రెండూ కలిపి చూడాలి. పోస్టల్ హిస్టరీ సేకరించేవాళ్ల జాబితాలు అలాగే ఉంటాయి, నంబరుకి ఎదురుగా ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడ అని. ముద్ర మసకగా ఉంటే టార్చిలైటుని కాగితానికి ఏటవాలుగా పెట్టి చూడండి, సిరా పోయినా నొక్కుడు కనిపించవచ్చు.

కవరు వెనక మీ ఊరి పోస్టాఫీసు ముద్ర కూడా ఉంటే ఇంకా మంచిది. రెండు తేదీల మధ్య తేడా చూస్తే ఓడలో వచ్చిందా, విమానంలో వచ్చిందా తెలిసిపోతుంది.

నలుచదరపు చిల్లులు పురుగువి కావు. అంచులు తిన్నగా ఉన్నాయంటే సెన్సారు బ్లేడుతో కోసినవే. సాధారణంగా యూనిట్ ఆఫీసరు చదివి, కొట్టేసి, ముద్ర వేసి సంతకం పెట్టేవాడు. ఆ పైన వెనకవైపు ప్రధాన స్థావరమైన బేస్‌లో భాషలు తెలిసిన సెన్సారు సిబ్బంది మళ్లీ చూసేవారు. చిల్లుకి వెనకవైపు ఉన్న వాక్యం కూడా పోతుంది కదా, స్కాన్‌లో రెండువైపులా గుర్తుపెట్టుకోండి.

ఆకుపచ్చ కవరు అందరికీ రోజూ దొరికేది కాదు. ఆర్మీ ఫారం డబ్ల్యూ 3078. "ఇందులో సొంత, కుటుంబ విషయాలు తప్ప మరేమీ లేవని నా గౌరవం మీద హామీ ఇస్తున్నాను" అన్న అర్థం వచ్చే మాటలు అచ్చువేసి ఉంటాయి. దానికింద సంతకం చేస్తే యూనిట్ ఆఫీసరు విప్పడు. బేస్‌లో మాత్రం కొన్నిటిని విప్పి చూసేవారు. రోజూ ఎదురుపడే ఆఫీసరు కంట పడకూడదనుకున్న ఇంటి గొడవలు, ఆస్తి తగాదాలు, భార్యకి రాసుకునే మాటలు ఇందులో వెళ్లేవి. మీ సంచిలో మొట్టమొదట చదవాల్సింది అదే అని నా లెక్క.

అరచేయంత ఫొటో కాగితం ఎయిర్‌గ్రాఫ్. ఒక ఫారం మీద ఉత్తరం రాస్తే, దాన్ని 16 మి.మీ. ఫిల్ము మీద ఫొటో తీసి, ఫిల్ముని విమానంలో పంపి, అవతల అచ్చు తీసి బట్వాడా చేసేవారు. విమానంలో బరువు తగ్గించడానికి. అసలు ఫారం తర్వాత నాశనం చేసేవారు కాబట్టి ఆ చిన్న అచ్చే మీకు అసలు ప్రతి.

ఇంకొకటి వెతకండి: వాక్యాలు ముందే అచ్చువేసి ఉన్న కార్డు, ఆర్మీ ఫారం ఎ 2042. "బాగున్నాను", "ఆసుపత్రిలో చేరాను", "మీ ఉత్తరం అందింది" లాంటివి. వర్తించనివి కొట్టేసి సంతకం, తేదీ మాత్రమే పెట్టాలి, ఒక్కమాట అదనంగా రాసినా కార్డు చించేస్తారు. చూడ్డానికి పనికిమాలిన అచ్చుకాగితంలా ఉంటుంది కాబట్టి ఇళ్లలో ముందు పారేసేది అదే. అందులో ఏ వాక్యం కొట్టెయ్యకుండా వదిలారో చూడండి.

వలపలగిలక:

చదవడం గురించి నేను చెబుతాను. పేరులోనే ఉంది కదా.

1940ల చేతిరాతలో "ర్" ని హల్లుకి ముందు రాయకుండా, హల్లు తర్వాత ౯ లాంటి గుర్తు పెట్టేవారు. "ధర్మ" అని ఉండాల్సిన చోట "ధమ౯" అని కనిపిస్తుంది. అది తొమ్మిది అంకె కాదు, అదే వలపలగిలక. "కార్డు", "ఆర్డరు", "మార్చి" అన్నీ ఇలాగే వస్తాయి. మిలిటరీ ఉత్తరాల్లో ఇంగ్లీషు మాటలు ఎక్కువ కాబట్టి ఈ గిలక అడుగడుగునా తగులుతుంది. దాంతోపాటు ఱ, అక్కడక్కడ అరసున్న, "వ్రాయునది", "యిక్కడ", "వుంది" లాంటి రాత. పదాల మధ్య ఖాళీ ఉండదు, ఫుల్‌స్టాపు ఉండదు. ఎత్తి రాసేటప్పుడు పంక్తికి పంక్తి ఉన్నదున్నట్టు రాయండి. తప్పులు దిద్దకండి. అనుమానం ఉన్న పదం పక్కన ప్రశ్నార్థకం, చదవలేనిచోట ఎన్ని అక్షరాలు పట్టేంత ఖాళీయో అన్ని చుక్కలు. దిద్దిన ప్రతి కావాలంటే వేరే ఫైలు చేసుకోండి.

మొదటి నాలుగు పంక్తులూ దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఒకటే: "మ.రా.రా.శ్రీ" అంటే మహారాజరాజశ్రీ, తండ్రికో మామగారికో. "చి॥ల॥సౌ॥" అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, భార్యకి గానీ చెల్లెలికి గానీ. "ఉభయకుశలోపరి" తర్వాత అసలు విషయం మొదలవుతుంది. ఇవి విసుగనిపించినా వదలొద్దు. ఆ చేతిరాతలో ఏ అక్షరం ఎలా ఉంటుందో నేర్పేవి ఇవే, ఎందుకంటే ఏం రాసి ఉందో మీకు ముందే తెలుసు. వాటినుంచి అక్షరాల పట్టిక తయారుచేసుకుని మిగతా ఉత్తరం చదవండి.

నలభై ఉత్తరాలూ ఒకే చేతిరాతేనా అన్నది చూడండి. చదువురాని సిపాయిలు తోటివాడిచేత రాయించుకునేవారు. రెండు మూడు చేతిరాతలు కనిపిస్తే ఎవరో మోసం చేశారని కాదు. రాసినవాడి పేరు చివర "వ్రాలు" (సంతకం) దగ్గర ఉండొచ్చు. అలా రాయించిన ఉత్తరంలో భార్యకి చెప్పే మాట పొడిపొడిగా ఉంటుంది, మధ్యలో ఇంకో మనిషి ఉన్నాడు మరి.

తేదీలు. యుద్ధకాలానికి సంవత్సరాల పేర్లు: 1941-42 విషు, 1942-43 చిత్రభాను, 1943-44 స్వభాను, 1944-45 తారణ, 1945-46 పార్థివ. ఉగాదితో మారతాయి, కాబట్టి 1944 జనవరిలో రాసిన ఉత్తరం మీద స్వభాను అనే ఉంటుంది, తారణ అని ఉండదు. ఒక ఏడాది తేడా వచ్చేది ఇక్కడే. మీరు చెప్పిన తారణ జ్యేష్ఠ శుద్ధ పంచమి 1944 మే ఆఖరి వారంలో పడుతుంది. అంటే అప్పటికి మీ తాతగారు ఇటలీలో ఉన్నారు. ఆ ఉత్తరం ఆయనకు అంది, ఆయన దాచుకుని, మూటలో పెట్టుకుని తిరిగి ఇంటికి తెచ్చారన్నమాట.

తేదీ అసలు లేనివాటికి ఇంటి కబుర్లే ఆధారం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత కోస్తాలో జనం పట్నాలు వదిలి పల్లెలకు పోయారు. ఇంటినుంచి వెళ్లిన ఉత్తరంలో "పట్నం ఖాళీ" లాంటి మాట ఉన్నా, ఆయన జవాబులో ఆ కంగారు కనిపించినా తేదీ పట్టేసినట్టే. డబ్బు లెక్క "15-8-0" అని ఉంటే పదిహేను రూపాయల ఎనిమిదణాలు, తేదీ అనుకోకండి. మనియార్డరు కూపన్లు ఉంటే విడిగా పారెయ్యకండి, వాటిమీద తేదీ ముద్ర కచ్చితంగా ఉంటుంది.

గోదారిగట్టు:

"15-8-0" నిజంగానే తేదీ అనుకున్నాను! ఇంకో రెండు సందేహాలు. స్కానింగు షాపులో ఇస్తే ఫీడరులో పెట్టి లాగేస్తామంటున్నారు, ఫర్వాలేదా? తాతగారి సర్వీసు రికార్డు ఎక్కడైనా దొరుకుతుందా? ఆర్మీ నంబరు మాకు తెలియదు, డిశ్చార్జి బుక్కు లేదు. మెడల్సు మాత్రం నాలుగున్నాయి.

పాతకాగితం:

ఫీడరు అసలొద్దు, మడత దగ్గర రెండుముక్కలవుతుంది. ఫ్లాట్‌బెడ్ స్కానరు, 600 డీపీఐ, రంగుల్లో, టిఫ్ ఫైలు. నలుపు-తెలుపులో తీస్తే ఊదాకీ బూడిదకీ తేడా పోతుంది. ఖాళీగా ఉన్నా రెండువైపులా తియ్యండి, కవరు కూడా రెండువైపులా. కాగితం అంచులు నాలుగూ కనిపించాలి, ఆటో క్రాపు ఆపెయ్యండి. వెనకవైపు సిరా ఇటు కనబడుతుంటే ఉత్తరం వెనక నల్ల కాగితం పెట్టండి. వెలిసిపోయిన గోధుమరంగు సిరా అయితే ఫొటో ఎడిటరులో రంగుల ఛానెళ్లు విడదీసి నీలం ఛానెల్ ఒక్కటే చూడండి, చాలాసార్లు అక్షరం తేలుతుంది. ఆ మార్పులన్నీ నకలు మీదే, మొదటి టిఫ్‌ని ముట్టుకోకండి. ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెడితే (1944-05-27-01-ముందు, 1944-05-27-01-వెనక) వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి. తేదీ తెలియనివాటికి 0000 పెట్టి తర్వాత మార్చుకోవచ్చు.

దఫ్తరు:

మెడల్సు ఉన్నాయంటే నంబరు మీ ఇంట్లోనే ఉంది. ఇండియాలో ఇచ్చిన రెండో ప్రపంచయుద్ధం పతకాల మీద సాధారణంగా పేరు చెక్కి ఉంటుంది. గుండ్రటి పతకమైతే అంచుమీద, నక్షత్రమైతే వెనకవైపు. నంబరు, హోదా, పేరు, దళం వరసగా ఉంటాయి. బ్రాసోతో తోమకండి, చెక్కుడు అరిగిపోతుంది. భూతద్దం, ఏటవాలు వెలుతురు చాలు. నక్షత్రాల్లో ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ రెండూ ఉంటే పైన చెప్పిన దారి సరిపోయినట్టే. ఇటలీ స్టార్ లేకపోతే మళ్లీ ఆలోచించాలి, ఆయన మధ్యలో ఆసుపత్రికో డిపోకో మారి ఉండొచ్చు. కంపెనీ వెళ్లిన ప్రతిచోటికీ మనిషి వెళ్లాడని ఖాయం చెయ్యలేం.

నంబరు దొరికాక బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్‌కి రాయండి. నంబరు, హోదా, పేరు ఇంగ్లీషులో పతకం మీద ఉన్న స్పెల్లింగుతోనే (మీరు ఇప్పుడు రాసే స్పెల్లింగుతో కాదు), తండ్రిపేరు, ఊరు, అప్పటి తాలూకా, జిల్లా. మీరు వారసులని చూపే కాగితం జతచెయ్యండి. పింఛను వచ్చేదా లేదా అన్నది స్పష్టంగా రాయండి, వస్తే పి.పి.ఓ. (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరుతో సహా. పింఛను లేకుండా యుద్ధం అవగానే విడుదలైనవాళ్ల కాగితాలు చాలావరకు గడువు తీరాక తీసేశారు. కాబట్టి "రికార్డు లేదు" అన్న జవాబు వస్తే ఆయన పనిచెయ్యలేదని కాదు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే అర్జీ ఎలా రాయాలో చూపిస్తారు, కొన్నిసార్లు వాళ్ల పాత రిజిస్టర్లలోనే పేరు దొరుకుతుంది.

మనిషి రికార్డు దొరక్కపోయినా కంపెనీ రికార్డు ఉంటుంది. నెలనెలా రాసిన వార్ డైరీలు లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి: మిడిల్ ఈస్ట్ కాలానివి డబ్ల్యూ.ఓ. 169 వరసలో, ఇటలీవి డబ్ల్యూ.ఓ. 170 వరసలో. వాళ్ల కేటలాగులో కంపెనీ పేరుతో వెతికితే ఫైలు నంబరు వస్తుంది. డైరీలో సిపాయిల పేర్లు అరుదు, ఏ రోజు ఏ వంతెన కట్టారు, ఏ దారి వేశారు అన్నది ఉంటుంది. అన్ని నెలలూ కొనకండి. ముందు మీ ఉత్తరాల్లో చిల్లులు పడిన రెండిటి తేదీలు తేల్చుకుని ఆ నెలలవి మాత్రమే తెప్పించండి. సెన్సారు కోసేసిన ఊరిపేరు ఆ పేజీలో ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఇంకొకటి, ముద్రలపిచ్చి గారు చెప్పిన బేస్ సెన్సారు వాళ్లు చదివి ఊరుకోలేదు. మిడిల్ ఈస్ట్‌లోని భారతీయ సైనికుల ఉత్తరాల నుంచి ముక్కలు ఇంగ్లీషులోకి మార్చి పక్షానికోసారి నివేదికలు పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఎల్/పీజే/12/654 నుంచి 656 దాకా ఫైళ్లలో ఉన్నాయి. రాసినవాడి పేరు సాధారణంగా ఉండదు, కాబట్టి తాతగారి ఉత్తరం అందులో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. కానీ ఆ నెలల్లో సిపాయిలు దేనిగురించి రాసేవారో, అంటే ఇంటిదగ్గర ధరలు, బియ్యం కరువు, సెలవు దొరక్కపోవడం, అవన్నీ తెలుస్తాయి. మీ ఉత్తరాల్లో అర్థంకాని ముక్కలు కొన్ని అక్కడ అర్థమవుతాయి.

ముద్రలపిచ్చి:

ఒక చిన్న చేర్పు. స్టాంపులు, ముద్రలు కొంటామని ఎవరైనా వస్తే కవర్లు విడిగా అమ్మకండి. ఆ ఆకుపచ్చ కవరుకీ, ఎయిర్‌గ్రాఫ్‌కీ సేకరించేవాళ్లు ఎగబడతారు. స్టాంపు ఉన్న మూల కత్తిరించి ఇవ్వమని అడిగేవాళ్లూ ఉంటారు, వాళ్లకి తలుపు చూపించండి. ఫీల్డ్ పోస్టాఫీసు నంబర్లు, తేదీలు ఇక్కడ వరసగా పెడితే జాబితాతో పోల్చి చూస్తాను. నంబరులో 3కీ 8కీ తేడా తెలియకపోతే ఊహించి రాయకండి, ముద్ర ఫొటో పెట్టండి.

గోదారిగట్టు:

ఇప్పుడే భూతద్దంతో చూశాను. నక్షత్రం ఒకదాని వెనక అంకెలు కనిపిస్తున్నాయి, మొదటి రెండూ అరిగిపోయాయి. ఇంకో మూడు పతకాలు చూసి, ముద్రల ఫొటోలతో కలిపి రేపు పెడతాను. మావయ్యకి ఈ దారం మొత్తం చదివి వినిపించాను. లామినేషన్ మాట మళ్లీ ఎత్తలేదు.